స్విచ్ పెట్టె తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి?



మన సంచికలో అమ్మ మీద కవిత ఉంటుంది, బాబాసాహెబ్ మీద వ్యాసం ఉంటుంది, హాస్టల్ జ్ఞాపకాలు ఉంటాయి. ఇవన్నీ ఉండాల్సినవే. ఈసారి మేము మాత్రం ఒక ఇనుప పెట్టె గురించి రాస్తున్నాం. కంప్యూటర్ గదిలో గోడకు బిగించి, ముందు చిన్న చిన్న పచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటూ, వెనక తీగలు వేలాడుతూ ఉంటుందే, ఆ నెట్‌వర్క్ స్విచ్ గురించి. దాని గురించి రాయడానికేముందని నవ్వకండి. మా ముగ్గురికీ ఈరోజు అన్నం పెడుతున్నది ఆ పెట్టే. ఒకప్పుడు మా కళ్ళ ముందే ఒక తమ్ముడి నోటి దగ్గరి ముద్ద జారిపోవడానికి కారణమైందీ ఆ పెట్టే.

మేము ముగ్గురం ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదువుకున్నవాళ్ళం. మేము ఇంటర్ చదివే రోజుల్లో కంప్యూటర్ గదిలో ఎనిమిది కంప్యూటర్లు ఉండేవి. ఆ ఎనిమిదీ ఒకే స్విచ్‌కు, అక్కడి నుంచి ఇంటర్‌నెట్‌కు కలిసి ఉండేవి. ఒక ఆదివారం గది శుభ్రం చేసే వంతు మాకు వచ్చింది. బూజు దులిపాం, బల్లలు తుడిచాం. స్విచ్ కింద ఒక తీగ కొస నేల మీద వేలాడుతూ కనిపించింది. ఎవరో ఊడదీసి మళ్ళీ పెట్టడం మరిచిపోయారనుకున్నాం. ఖాళీగా ఉన్న పోర్టు చూసి అందులో దాన్ని గుచ్చాం. మంచి పని చేశామనే అనుకున్నాం. ఆ తీగ రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉందని మాకు తెలియదు.

సాయంత్రానికి ఎనిమిది కంప్యూటర్లలో ఒక్కదానికీ ఇంటర్‌నెట్ లేదు. స్విచ్ మీది లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటున్నాయి. ఆపి మళ్ళీ వేశాం. ఒక్క క్షణం బాగుండి మళ్ళీ అదే తంతు. వార్డెన్ సార్ నాలుగు చోట్లకు ఫోన్లు చేశారు. బాగుచేసే మనిషి మూడో రోజు మధ్యాహ్నం వచ్చాడు. పెట్టె ముందు నిలబడి చూశాడు. ఒక తీగ పట్టుకుని లాగాడు. అంతే, అన్నీ సర్దుకున్నాయి. అర నిమిషం కూడా పట్టలేదు. ఐదువందలు తీసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. ఏం చేశాడో చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆయన తప్పేమీ లేదు. అడగవచ్చని కూడా మాకు తోచకపోవడమే అసలు సంగతి.

ఆ మూడు రోజుల్లో రెండోది స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరు రోజు. చేతిలో డబ్బులున్నవాళ్ళు బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు పరుగెత్తి నింపుకున్నారు. ఎదురుమొండి వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు మాత్రం 'హాస్టల్‌లో బాగవుతుందిలే' అని ఆగాడు. బాగయ్యేసరికి గడువు దాటిపోయింది. ఆ ఏడాది వాడి ఫీజు వాళ్ళమ్మ నాట్ల కూలి డబ్బుల్లోంచి కట్టింది. ఆ తీగ గుచ్చింది మేమేనని వాడికి చెప్పే ధైర్యం మాకు చాలా ఏళ్ళు రాలేదు. ఈ వ్యాసం ఒక విధంగా ఆ తమ్ముడికి మేము చెప్పుకునే క్షమాపణ.

ఇంతకీ ఆ పెట్టె చేసే పని ఏమిటి? దివిసీమలో పుట్టినవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన కాలువ నీరు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నదిని దాటి మన సీమలోకి వస్తుంది. పెద్ద కాలువ నుంచి చిన్న కాలువలకు, అక్కడి నుంచి తూములకు, తూముల నుంచి బోదెలకు చేరుతుంది. ఎక్కడ తలుపు ఎత్తాలో, ఎక్కడ దించాలో చూసుకునే లస్కరు ఒకడుంటాడు. ఊరి నెట్‌వర్క్‌లో తీగలు బోదెలైతే, స్విచ్ ఆ తూముల దగ్గరి లస్కరు.

ప్రతి కంప్యూటరుకూ తయారైనప్పుడే ఒక అడ్రసు ఇస్తారు. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. 48 బిట్ల సంఖ్య అది. ఒక కంప్యూటరు ఏ పోర్టు నుంచి మాట్లాడుతోందో స్విచ్ గమనించి, ఫలానా అడ్రసు ఫలానా పోర్టులో ఉందని తన పట్టికలో రాసుకుంటుంది. ఆ తరువాత ఆ అడ్రసుకు ఏదైనా వస్తే ఆ పోర్టుకే పంపుతుంది. కొంతసేపు ఉలుకూ పలుకూ లేని అడ్రసును పట్టికలోంచి కొట్టేస్తుంది. చాలా స్విచ్‌లలో ఆ గడువు 300 సెకన్లు. ఇంతకు ముందు కాలంలో స్విచ్ బదులు హబ్ అనే పెట్టె ఉండేది. దానికి ఈ పట్టిక తెలియదు. ఒకరికి వచ్చిన ఉత్తరాన్ని హాస్టల్ అంతా వినేలా మైకులో చదివినట్టు, వచ్చినదాన్ని అందరికీ పంపేది. స్విచ్ అలా కాదు, ఎవరి ఉత్తరం వారి చేతిలో పెడుతుంది.

అయితే స్విచ్‌కు కూడా కొన్నిసార్లు అందరినీ పిలవక తప్పదు. కొత్తగా వచ్చిన కంప్యూటరు 'ఫలానా అడ్రసు ఎవరిది?' అని కేక వేస్తే, స్విచ్ ఆ కేకను అది వచ్చిన పోర్టుకు తప్ప మిగిలిన పోర్టులన్నింటికీ పంపుతుంది. ఇప్పుడు మేము చేసిన నిర్వాకం చూడండి. రెండు పోర్టులను ఒకే తీగతో కలిపాం. ఒక పోర్టులోంచి బయటికి వెళ్ళిన కేక రెండో పోర్టులోంచి కొత్త కేకలా మళ్ళీ లోపలికి వచ్చింది. స్విచ్ దాన్ని మళ్ళీ అందరికీ పంపింది. అది మళ్ళీ తిరిగొచ్చింది. ఇన్నిసార్లు తిరిగితే చాలు, ఇక ఆగిపో అనే లెక్క ఆ కేకల మీద రాసి ఉండదు. క్షణాల్లో తీగలన్నీ ఆ కేకలతోనే నిండిపోయి, అసలు మాటకు చోటు లేకుండా పోయింది. ఈ వృత్తిలో దీన్ని బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు, అంటే తుపాను. 1977 నవంబరు 19 ఉప్పెన కథలు తాతల నోట విన్నవాళ్ళం మనం. తుపాను అనే మాటను ఊరికే వాడం. కానీ ఆ గది వరకు జరిగింది తుపానే.

ఈ తుపానుకు మందు మేము పుట్టకముందే ఉంది. 1985లో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని కనిపెట్టారు. స్విచ్‌ల మధ్య దారులు చుట్టూ తిరిగి కలిసిపోతుంటే అవే కనిపెట్టి, ఒక దారిని మూసి పెట్టుకుంటాయి. అసలు దారి తెగినప్పుడు మూసినదాన్ని తెరుస్తాయి. చెల్లెళ్ళు ఈ పేరు గుర్తు పెట్టుకోవాలి. ఈరోజు ప్రపంచంలో ఎన్నో ఆఫీసుల్లో, కాలేజీల్లో తీగలు తమలో తాము చిక్కుపడకుండా ఆపింది ఒక ఆడమనిషి ఆలోచన. మరో ముచ్చట. మొదటి ఈథర్‌నెట్ స్విచ్‌ను 1990లో మార్కెట్లోకి తెచ్చిన కంపెనీ పేరు 'కల్పన'. దాన్ని పెట్టినవారిలో ఒకరైన వినోద్ భరద్వాజ్ మన దేశం మూలాలున్నవారు. తన భార్య పేరే కంపెనీకి పెట్టుకున్నారు. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది. ఈ పెట్టె మనకు పరాయిది కాదని చెప్పడానికే ఇదంతా.

మందు ఉంటే మా గదిలో ఎందుకు పనిచేయలేదు? స్విచ్‌లు రెండు రకాలు. తీగ గుచ్చితే చాలు పనిచేసేది ఒకటి. దానికి మనం ఏమీ చెప్పలేం, అది మనకు ఏమీ చెప్పదు. ధర తక్కువ. రెండోది మనం లోపలికి వెళ్ళి చూడగలిగేది, చెప్పినట్టు వినేది. దీన్ని మేనేజ్డ్ స్విచ్ అంటారు. ధర ఎక్కువ. మా గదిలో ఉన్నది రెండో రకమే! ఆ సంగతి మాకు చాలా ఏళ్ళ తరువాత, ఈ పనిలోకి వచ్చాక, పెట్టె మీద రాసి ఉన్న నంబరు గుర్తుకు తెచ్చుకుంటే తెలిసింది. బిగించిన రోజున దాని లోపలికి ఎవరూ వెళ్ళలేదు. తుపాను ఆపే పద్ధతి నడుస్తోందో లేదో చూడలేదు. పాస్‌వర్డ్ ఏమిటో హాస్టల్‌లో ఒక్కరికీ తెలియదు. మందు అలమరలోనే ఉంది. అలమర తాళం చెవే లేదు.

మా అభిప్రాయం ఇదీ. ప్రభుత్వం నుంచి గానీ దాతల నుంచి గానీ వసతి గృహాలకు కంప్యూటర్లు రావాలని మనం అడుగుతున్నాం. అడగాల్సిందే. కానీ అది సగమే. ఆ కంప్యూటర్లను కలిపే పెట్టె తాళం చెవి, పాస్‌వర్డ్, దాన్ని నడిపే విద్య విద్యార్థుల చేతికి కూడా రావాలి. ఇవి రానంతవరకు మనం వాడుకునేవాళ్ళమే అవుతాం, నడిపేవాళ్ళం కాము. ఆగిపోయినప్పుడు వరండాలో కూర్చుని, ఎవరో వస్తారని దారి చూస్తాం.

"పిల్లల చేతికిస్తే పాడుచేస్తారు" అని కొందరు పెద్దలు అంటారు. నిజమే, పాడుచేసింది మేమే. కానీ తెలిసి పాడుచేయలేదు, తెలియక పాడుచేశాం. తెలిసినవాడు ఆ వేలాడే తీగను ముందు చేత్తో పట్టుకుని రెండో కొస ఎక్కడుందో చూస్తాడు. తాళం వేసిన గదిలోనే మేము ఆ పని చేశాం. కాబట్టి తాళం మమ్మల్ని ఆపలేదు, చదువు ఆపగలిగేది.

"చదువుకోవాల్సిన పిల్లలకు ఈ పని దేనికి?" అని ఇంకొందరంటారు. స్టోర్ రూములో బియ్యం తూచేటప్పుడు మెస్ కమిటీ లీడరు పక్కన నిలబడడం మనకు తెలియనిది కాదు. అందువల్ల ఎవరి చదువూ చెడిపోలేదు. పైగా లెక్క అంటే ఏమిటో తెలిసింది. బియ్యం దగ్గర నిలబడగలిగిన పిల్లలు స్విచ్ దగ్గర ఎందుకు నిలబడలేరు? డి.ఎస్సీ కోచింగ్‌కు పేరుపడిన అవనిగడ్డకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చదువుకున్నవాళ్ళున్నారు. ఊరి గాలిలోనే చదువు ఉంది. ఆ చదువుతో పాటు చేతికి ఒక పని కూడా వస్తే నష్టం లేదు. ఇంజనీరింగ్ సీటు వచ్చినా రాకపోయినా నిలబెట్టే పని ఇది. ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు తీగలు పల్లెల దాకా నడిచాయి. తీగ వచ్చిన ప్రతి చోటా చివర ఒక పెట్టె ఉంటుంది. ఆ పెట్టె తెలిసిన మనిషి కూడా కావాలి. ఆ మనిషి పక్క జిల్లా నుంచే ఎందుకు రావాలి?

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. స్విచ్ ఊరికే తీగలు కలిపే పెట్టె కాదు, అధికారం కూడా. లోపలికి వెళ్ళగలిగినవాడు ఒక పోర్టును మూసేయగలడు. ఒక గదికి ఎక్కువ, ఒక గదికి తక్కువ ఇవ్వగలడు. కాలువ శివారు భూముల బాధ కోడూరు, నాగాయలంక వైపు పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎగువన తూముల్లో అడ్డూ ఆపూ లేకుండా లాగేస్తే దిగువకు తడి కూడా రాదు. హాస్టల్ వడ్డనలో ఆఖరి పంక్తికి నీళ్ళ సాంబారు మిగిలినట్టే, ముందు గదుల అన్నలు సినిమాలు చూస్తుంటే చివరి గదిలో తమ్ముడికి మార్కుల మెమో కూడా తెరుచుకోదు. దీన్ని సరిచేసే ఏర్పాటు చాలా మేనేజ్డ్ స్విచ్‌లలో ఉంటుంది. ఏ పోర్టుకు ఎంత అని హద్దు పెట్టవచ్చు. కానీ ఆ హద్దు ఎంత, ఎవరికి అని తేల్చాల్సింది పెట్టె కాదు, మనం. అందరం కూర్చుని తేల్చాలి.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ చెరువు అందరిదని మునిసిపాలిటీ అంతకు ముందే తీర్మానం చేసి ఉంది. కాగితం మీద హక్కు ఉంది, చేతికి నీళ్ళు లేవు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని మనవాళ్ళకంటే బాగా ఎరిగినవాళ్ళు ఎవరున్నారు? అందుకే తాళం మన చేతికి వచ్చినప్పుడు మనం కూడా జాగ్రత్తగా ఉండాలి. కోపం వచ్చిందని ఒకడి పోర్టు మూసే లీడరు మనలో పుట్టకూడదు. ఏ పోర్టు మూసినా ఎందుకు మూశారో, ఎవరు మూశారో, ఎప్పుడు తెరుస్తారో పుస్తకంలో రాసి గోడకు అంటించాలి.

చెప్పడంతో ఆగకుండా, మా అనుభవంలో అవసరమని తేలిన నాలుగు పనులు కూడా ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది పుస్తకం. రెండువందల పేజీల నోటు పుస్తకం ఒకటి స్విచ్ పక్కనే తాడుతో కట్టి వేలాడదీయండి. ఒకటో పోర్టు ఏ కంప్యూటరుది, రెండోది ఏ గదిది అని వరసగా రాయండి. ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ టేపు చుట్టి ఒకే నంబరు వేయండి. మా దగ్గర ఆ రెండు అంకెలు ఉండి ఉంటే ఆ తమ్ముడి దరఖాస్తు పోయేది కాదు.

రెండోది పాస్‌వర్డ్. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలుసు. బిగించిన రోజే మార్చాలి. కొత్తది వార్డెన్ సార్ దగ్గర సీలు వేసిన కవరులో ఒకటి, కమిటీలో బాధ్యత తీసుకున్న ఇద్దరి దగ్గర ఒకటి ఉండాలి. వాళ్ళు హాస్టల్ వదిలి వెళ్ళే రోజున జూనియర్లకు అప్పగించి, పాస్‌వర్డ్ మార్చి మరీ వెళ్ళాలి.

మూడోది దాచడం. స్విచ్‌లో మనం చేసిన మార్పులు చాలా రకాల పెట్టెల్లో ముందు తాత్కాలికంగానే ఉంటాయి. విడిగా సేవ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చేసరికి అన్నీ పోతాయి. గాలివాన వస్తే కరెంటు పోయే మన వైపు ఇది మరువకూడదు. తుపాను ఆపే స్పానింగ్ ట్రీ నడుస్తోందని చూసి, సేవ్ చేసి, పుస్తకంలో తేదీ వేయండి.

నాలుగోది విడదీయడం. ఆఫీసు కంప్యూటరులో మన ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, హాజరు ఉంటాయి. ఆటలు ఆడుకునే కంప్యూటరూ అదీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు. ఒకే స్విచ్‌లో కొన్ని పోర్టులను ఒక జట్టుగా, మరికొన్నింటిని ఇంకో జట్టుగా చేసి, ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా చేయవచ్చు. దీన్ని వీల్యాన్ అంటారు. ఒకే వరండాలో మధ్య గోడ కట్టినట్టు. ఇంకా, రాగి తీగ వంద మీటర్లు దాటించకండి. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వీలైతే ఫైబరే వేయించండి, పిడుగు దెబ్బకు రాగి తీగ దారి చూపిస్తుంది. పెట్టెను చెమ్మ గోడకు, ఉప్పు గాలి తగిలే కిటికీకి దూరంగా పెట్టండి. ఈ నాలుగు పనులూ బాలుర హాస్టల్‌కు ఎంతో, బాలికల హాస్టల్‌కూ అంతే. కంప్యూటర్ గది తాళం చెవి చెల్లెళ్ళకు పొద్దుగూకేలోపే ఇచ్చేయాల్సిన వస్తువుగా మిగలకూడదు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వార్షికోత్సవానికి మనం వస్తాం, శాలువా కప్పించుకుంటాం, ఒక పాత కంప్యూటరో, పది కుర్చీలో ఇచ్చి వెళతాం. ఇవ్వడం మంచిదే. అయితే మనలో ఈ పని తెలిసినవాళ్ళు ఏడాదికి రెండు ఆదివారాలు ఇక్కడికి వచ్చి, పెట్టె మూత తీసి, పిల్లల చేత తీగ కత్తిరించి, ఎనిమిది రంగుల పోగులు వరస చూపించి, కొస బిగించడం నేర్పితే ఆ కంప్యూటరు కంటే ఎక్కువ ఇచ్చినట్టు. మేము ముగ్గురం వచ్చే వేసవిలోగా మా రెండు ఆదివారాలు రాసిచ్చాం. మీ పేర్లు కూడా ఇవ్వండి.

మొన్న సంక్రాంతికి ఆ తమ్ముడు కలిశాడు. ఇప్పుడు వాడికి ఉద్యోగం ఉంది, పెళ్ళయింది. అప్పటి సంగతి మొత్తం చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మకు చెప్పకండన్నా, ఆ ఏడాది ఆమె చాలా కష్టపడింది" అన్నాడు. ఇంకాసేపటికి తనే అడిగాడు: "ఇంతకీ ఆ తీగ రెండో కొస ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలన్నా?"

ఆ ప్రశ్నకు జవాబు ప్రతి వసతి గృహంలో కనీసం ఇద్దరు పిల్లలకైనా తెలిసి ఉండాలి. మేము అడుగుతున్నది అంతే.